పుట్టింటికి వచ్చిన సొర

అలివివల లాగడం చూడనివారు సముద్రాన్ని సగమే చూసినారని చెప్పవచ్చును. తెల్లవారకముందే పడవ ఒకటి పెద్ద వలను అర్ధచంద్రాకారంగా నీటిలో దింపి వస్తుంది. వల రెండు కొసలకు కట్టిన మోకులను రెండు జట్లవారు పట్టుకొని, ఎడంగా ఇసుకలో నిలిచి, వెనుకకు అడుగులు వేస్తూ లాగుతారు. లాగినకొద్దీ జట్లు దగ్గరపడతాయి. ముసలివారు, ఆడవారు, బడి ఎగవేసిన పిల్లలు, పండుగకు వచ్చిన చుట్టాలు, ఎవరు చేయి వేసినా కాదనేవారు ఉండరు. చేయి వేసినవారికి ఎంతో కొంత పాలు దక్కుతుంది. వేట అనే క్రూరమైన మాటలో ఇంతటి కుటుంబధర్మం ఇమిడి ఉండడం వింతయే.

గడచిన మాఘమాసంలో భీమునిపట్నానికి ఉత్తరాన ఉన్న ఒక పల్లెకు నా పూర్వవిద్యార్థి ఒకడు మమ్మల్ని పిలిచినాడు. నేను, నా భార్య, ఎనిమిదేండ్ల మా మనుమడు, మా కళాశాలలో చరిత్ర బోధించే మిత్రుడు వెళ్ళినాము. "తమరు కూర్చోండి మేష్టారూ" అని అతడు వారిస్తున్నా వినక నేనూ మోకు పట్టినాను. అరచేతులు బొబ్బలెక్కినవి. చాలాసేపటికి వల సంచి ఒడ్డు చేరినది. కవళ్ళు, కానాగంతలు, సావళ్ళు వెండి కుప్పపోసినట్లు మెరిసినవి. వాటి నడుమ జానెడున్నర పొడవున ఏడు సొరపిల్లలు కొట్టుకొంటున్నవి. వాటిని పాలసొరలంటారు.

సొర అనగానే సొరకాయను తలచుకొనే మా మనుమడు, ఇవే తాను సినిమాలలో చూసిన షార్కులని తెలిసి రెండడుగులు వెనుకకు వేసినాడు. నా విద్యార్థి తల్లి ఒక పిల్లను చేతికి తీసుకొని వెల్లకిల త్రిప్పి, "సూడు బాబూ, దీనికింకా బొడ్డు మాననేదు" అన్నది. ముందురెక్కల నడుమ, పొట్టమీద సన్నని గాటు ఉన్నది.

ఆ మాట ఉపమానం కాదు, యథార్థం. పాలసొర గ్రుడ్లు పెట్టదు. మనుష్యజాతివలెనే బిడ్డలను మాయతో కడుపున మోసి కంటుంది. ఆ మోత సుమారు ఒక సంవత్సరం. కాన్పుకు ఒకటి మొదలు ఎనిమిది పిల్లలు. కనే కాలానికి తల్లులు తీరానికి దగ్గరగా వస్తాయి. పిల్లలు ఆ లోతు తక్కువ నీటిలోనే కొంతకాలం పెరుగుతాయి. అందుకే అవి అలివివలకు చిక్కుతాయి.

ఆ ఏడింటినీ నా భార్య కొన్నది. మా అమ్మాయి పురుడు పోసుకొని అప్పటికి నెల కాలేదు. పాలసొరను ఉడికించి, ఇసుకకాగితం వంటి చర్మం ఒలిచి, మాంసాన్ని పొడిగా విడిపించి, వెల్లుల్లి దండిగా వేసి వేయించి పెడితే బాలింతకు పాలు పడతాయని మా తీరంలో తరతరాల నమ్మకం. మా అమ్మ నా భార్యకు పెట్టినది. నా భార్య మా అమ్మాయికి పెట్టినది. నేనూ తిన్నాను. రుచిగానే ఉన్నది. కాని పుట్టింటికి వచ్చిన మన బిడ్డకు పాలు పడాలని, కనడానికి ఒడ్డుకు వచ్చిన మరొక తల్లి బిడ్డలను వండుకొన్నామన్న ఆలోచన ఆ విస్తరి ముందే నాకు తట్టినది. అది నన్ను ఇంకా విడువలేదు.

కేవలం జాలితో ఈ మాట అనడం లేదు. కవళ్ళు వేలకొద్ది గ్రుడ్లు విడుస్తాయి. ఒక ఏడు తగ్గినా మరొక ఏడు తేరుకొంటాయి. సొరలలో పెక్కు జాతులు మెల్లగా పెరుగుతాయి, ఆలస్యంగా ఈడేరుతాయి, కొద్ది పిల్లలనే కంటాయి. 1970 నుండి 2018 వరకు మహాసముద్రాలలో తిరిగే సొరలు, టేకులు 71 శాతం తగ్గిపోయినవని 2021లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చినారు.

"మా వలకు పడే నాలుగు పిల్లలా మేష్టారూ, సముద్రాన్ని ఖాళీ చేసేది? మరపడవలవారిని అడగండి" అన్నాడు నా విద్యార్థి. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. రెక్కల కొరకు సొరను కోసి మొండెమును నీట పారవేసే దురాచారం అలివివల లాగే పేదలది కాదు. దానిని అరికట్టడానికి 2013లో రెక్కలు వేరుచేయరాదన్న నియమమూ, 2015లో రెక్కల ఎగుమతి నిషేధమూ మన దేశంలో వచ్చినవి. అయినా ఒడ్డున నిలిచి పట్టేవారికి, నడిసముద్రంలో పట్టేవారికి తరచుగా దొరకని అవకాశం ఒకటి ఉన్నది. వారి చేతికి వచ్చేసరికి చేపలో ఇంకా ప్రాణం ఉంటుంది. నీరు నాలుగడుగుల దూరంలో ఉంటుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో కుటుంబాలతోనూ స్నేహితులతోనూ ఇసుకలో కూర్చొని సొరలకు గాలం వేయడం ఒక వినోదం. అక్కడ 2019 జూలై 1 నుండి, పదహారేండ్లు నిండినవారెవరైనా ముందుగా పాఠం చదివి అనుమతి పొందితేగాని ఒడ్డునుండి సొరవేట చేయరాదు. సొరలను రప్పించడానికి నీటిలో ఎర చల్లరాదు. నిషిద్ధజాతి సొర చిక్కితే దాని మొప్పలు నీట మునిగి ఉండగానే జాప్యం లేక విడువవలెను.

మన దేశంలోని ఉదాహరణ ఇంతకన్న మనసుకు దగ్గరైనది. సౌరాష్ట్ర తీరంలో ఒకప్పుడు తిమింగలసొరను విరివిగా వేటాడేవారు. 2001లో చట్టం దానికి రక్షణ కల్పించినది. కాని చట్టం చేయలేని పనిని ఒక మాట చేసినది. 2004లో కథాప్రవచకులు మొరారీ బాపు, ఈ సొర పురుడుకు పుట్టింటికి వచ్చిన ఆడపడుచు అని జాలరులకు చెప్పినారు. అంతవరకు చంపిన చేతులే వలలు కోసి దానిని విడిచినవి. తెగిన వలకు ప్రభుత్వం పరిహారమిచ్చినది. విశాఖ తీరంలోనూ 2021 డిసెంబరులో తంతడి వద్ద ఒడ్డు చేరిన తిమింగలసొరను జాలరులు, అటవీశాఖవారు కలిసి సముద్రానికి సాగనంపినారు.

ఏనుగంత సొరకు దక్కిన ఆ మర్యాద జానెడున్నర సొరకు ఎందుకు దక్కరాదు? అలివివలలో ప్రాణంతో దొరికిన సొరపిల్లను విడిచిపెట్టడం మన తీరంలో ఆచారం కావలెను. అయితే దాని వెల ఎవరు భరించవలెను? పొట్టకొరకు మోకు లాగేవారిచేత త్యాగం చేయించి, సరదాకు లాగిన మనం పుణ్యం మూటగట్టుకోరాదు. విహారానికి వెళ్ళి మోకు పట్టే పట్టణపు కుటుంబాలే ఆ వెల చెల్లించడం ధర్మం. తక్కిన రోజులకు గుజరాతులోవలె పరిహారం ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది. ఇక బాలింతల పథ్యమంటారా, సొర మాంసంలో పాదరసం పేరుకొంటుంది గనుక గర్భిణులు, పాలిచ్చే తల్లులు దానిని తినరాదని అమెరికా ఆహార, ఔషధ శాఖ హెచ్చరిస్తున్నది. పెద్దల నమ్మకాన్ని గౌరవిస్తూనే ఈ మాటను కూడా వినవలెను.

ఫాల్గుణంలో మేము మరల వెళ్ళినాము. ఈసారి మూడు పిల్లలు చిక్కినవి. మూడింటి వెలా ఇచ్చినాను. మా మనుమడు భయపడుతూనే ఒక్కొక్కదానిని మోకాలిలోతు నీటిలో దింపినాడు. రెండు క్షణంలో మాయమైనవి. మూడవది వెల్లకిలబడి, అలతో ఒడ్డుకు తిరిగి వచ్చినది. నా విద్యార్థి తల్లి దానిని గంపలో వేసుకొని, ఆ ఒక్కదాని వెల నా చేతిలో పెట్టి, "ఇది మాకే వచ్చింది గదా బాబూ" అన్నది.