తెగులుకు లొంగని విత్తనం మన హక్కు

గాలివాన కొట్టి పోయాక వరి ఆకుల అంచులు పసుపుబారి, కొసల నుంచి కిందికి ఎండుతూ వస్తే అది ఎండాకు తెగులని మన కూలీలకు ఎవరూ చెప్పక్కర్లేదు. బాక్టీరియా వల్ల వచ్చే ఈ తెగులును నమ్మకంగా ఆపే మందు లేదు. అయినా దుకాణందారు ఏదో ఒక డబ్బా అంటగడతాడు. డబ్బు కౌలు రైతుది, మందు గాలి పీల్చేది వీపున పంపు మోసే కూలీ. చివరకు గింజ తాలుపోతే రైతుకు అప్పు, మనకు పస్తు.

విత్తనంలోనే తట్టుకునే శక్తి ఉంటే ఈ బాధ తగ్గుతుంది. ఇది గాలికబురు కాదు. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి అన్నానికి మేలైనదే గాని, ఎండాకు తెగులుకు ఇట్టే లొంగేది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలిసి మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా దానిలోకి తెచ్చారు. జన్యువులు చేరిన మొక్కలను ఏరి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. అందుకే గింజ గుణం చెడలేదు. ఆ రకం 2008లో విడుదలైంది. ఖర్చు ప్రభుత్వానిది, అంటే ప్రజలది.

మూడు జన్యువులు ఎందుకు? గోధుమ పంట నేర్పిన పాఠం చూడండి. రై అనే ధాన్యం నుంచి తెచ్చిన ఒక్క జన్యువును నమ్ముకొని ఎన్నో దేశాలు కాండపు తుప్పు తెగులును ఏళ్ల తరబడి ఆపాయి. 1998లో ఉగాండాలో దాన్ని గెలిచిన కొత్త తెగ బయటపడింది. ఒక్క తాళమైతే దొంగ ఎప్పుడో ఒకప్పుడు మారుతాళం చేయించుకుంటాడు. మూడింటికీ ఒకేసారి చేయించడం కష్టం.

ఈ కొత్త సాంబ మసూరి అన్ని రోగాలకూ మందు కాదు. అగ్గితెగులు, దోమపోటు దానికీ వస్తాయి. తెగులు మారుతూనే ఉంటుంది కనుక పరిశోధన ఆగకూడదు.

మందు కొట్టే పని పోతుందేమోనని కొందరు కూలి సోదరులు అడుగుతున్నారు. ఊపిరి అమ్ముకొని తెచ్చే కూలి మనకొద్దు. పంట నిలిస్తే కోతకూలి పెంచమని గట్టిగా అడుగుదాం.

ఇది సూటి రకం. గింజ దాచుకొని మళ్లీ వేసుకోవచ్చు. దాచుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును 2001 నాటి చట్టం రైతుకిచ్చింది. ఇలాంటి విత్తనం కౌలు రైతులకూ సకాలంలో అందాలని, ప్రభుత్వ పరిశోధనా స్థానాల్లో ఖాళీలు ఉంచరాదని, నిధులు కోయరాదని డిమాండ్ చేద్దాం. సంఘం ప్రతి సమావేశంలో కూలి రేట్లతోపాటు విత్తనం మాట కూడా ఎత్తుదాం.