ప్యూర్ షిఫాన్ మేడమ్!
సైబర్ టవర్స్ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఎత్నిక్ డే అంటే చాలు, లిఫ్టు నిండా షిఫాన్ చీరలే. ఫ్రెంచిలో షిఫాన్ అంటే పేలిక, చింకిగుడ్డ. పాతగుడ్డలు ఏరుకుని అమ్ముకునేవాణ్ణి అక్కడ షిఫొనియే అనేవారు. పల్చని పట్టుబట్టకు అంటుకున్నాక అదే గొప్పింటి పేరైపోయింది. జార్జెట్‌దీ ఫ్రాన్సు కథే, జార్జెట్ ద లా ప్లాంట్ అనే దర్జీ ఆవిడ పేరు. సరే, నా పేచీ పేరుతో కాదు. షిఫాన్ అనేది నేత రకం: బాగా పురి పెట్టిన సన్నదారంతో పల్చగా నేస్తారు, అందుకే చేతికి కాస్త గరుగ్గా తగులుతుంది. ఆ దారం పట్టూ కావచ్చు, పాలిస్టరూ కావచ్చు. మాదాపూర్, కొండాపూర్ షోరూముల్లో అడిగితే మాత్రం "ప్యూర్ షిఫాన్ మేడమ్" అంటారు. ప్యూర్ ఏమిటో చెప్పరు. అంచునుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద. పాలిస్టరైతే కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. శిల్పారామంలో పోచంపల్లి చీర బేరమాడేటప్పుడు నూలా పట్టా, చేమగ్గమా మరమగ్గమా అని పది ప్రశ్నలేసి, చివరికి ఇంకో రెండొందలు తగ్గించమనే మనం, ఏసీ షాపులో నోరెత్తం. ధర చీటీ మీద పోగు పేరు పెద్దక్షరాల్లో ఉండాలి. లేని చీరను మడత విప్పించకుండానే పక్కన పెట్టించేయొచ్చు.