ముందు పడనివ్వండి

ఎండిన చెరువులో ఆరోసారి ముక్కలు ఏరుకుంటున్నాం. మేకలు తోలుకుంటూ వచ్చిన ఆయన కాసేపు చూసి, "ఏందప్పా, వారం వారం వచ్చి దీన్ని పగలగొట్టుకుని పోతారు, ఇంట్లో పనుల్లేవా?" అన్నాడు. ఆ గొంతులో హేళన లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆయనకు ఆ రోజు చెప్పలేని జవాబే ఇప్పుడు రాస్తున్నాను. ఆయనకంటే ముందు మన ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు చదివితే మేలు.

నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మాది అనంతపురం. విమానం ఎక్కింది రెండేసార్లు. మా అమ్మాయి కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా ఒక బొమ్మ గీసుకొచ్చి, "తాతా, ఇది హెలికాప్టర్‌లా నిలువునా లేస్తుంది, పైకి పోయాక విమానంలా ముందుకు పోతుంది, మళ్ళీ నిలువునా దిగుతుంది" అన్నాడు. దీన్ని పిల్లలు వీటాల్ అంటారు. "చేద్దాం పట్టు" అన్నాను. ఆ మాట ఎంత బరువైందో అప్పటికి తెలియదు.

మా విమానం ఒళ్ళంతా ఫోమ్ షీటు, లోపల కార్బన్ గొట్టాలు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగడుగుల పైచిలుకు. బ్యాటరీతో కలిపి బరువు 1,400 గ్రాములు. ఫ్యాన్లు తిప్పే మోటార్లు రెక్క ముందు రెండు, తోక దగ్గర ఒకటి. ముందరి రెండూ సర్వోలనే బుల్లి మోటార్ల సాయంతో పైకీ ముందుకూ తిరుగుతాయి. తోకది ఎప్పుడూ పైకే చూస్తుంది. మధ్యలో అగ్గిపెట్టెంత కంప్యూటర్ బోర్డు. ఎటు ఒరుగుతోందో క్షణక్షణం కనిపెట్టి మోటార్లకు ఆజ్ఞలిచ్చేది అదే. అందులో నడిచే ఆర్డూపైలట్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని మార్చుకోవచ్చు.

నిలువునా లేపడం అంత కష్టం కాదు. ముందుకు పోవడమూ కష్టం కాదు. ప్రాణం పోయేది ఆ రెంటి మధ్యనే. గాల్లో నిలబడి ఉన్నంతసేపు 1,400 గ్రాములూ ఫ్యాన్లే మోయాలి. వేగం అందుకున్నాక ఆ బరువు రెక్క మోస్తుంది, ఫ్యాన్లు 200 గ్రాముల తోపు తోస్తే చాలు. మా లెక్కలో నిలబడి ఉంటే బ్యాటరీ ఆరు నిమిషాలు కూడా రాదు, రెక్క మీద పోతే పావుగంట వస్తుంది. అంటే ఎంత త్వరగా బరువును రెక్కకు అప్పగిస్తే అంత మంచిది. కానీ గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటితే గాని మా రెక్క ఆ బరువు పట్టదు.

ఊరేగింపులో పల్లకీ భుజం మార్చుకోవడం చూసే ఉంటారు. నడక ఆగదు. కొత్త భుజం కిందికి వచ్చి బరువు అందిందాకా పాత భుజం పక్కకు జరగదు. ఒక్క అంగ తప్పితే దేవుడు కింద ఉంటాడు. మా విమానానికి ఈ భుజం మార్పు నాలుగైదు సెకన్లలో, ఎదురుగాలిలో జరగాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, మా వైపు గాలి అలాంటిది.

మొదటిసారి పడటం మా తొందర. వెనక మోటారు తీగలు రెండు తారుమారయ్యాయి, లేవకముందే పల్టీ కొట్టింది. రెండోసారి సర్వోలో ప్లాస్టిక్ పళ్ళు రాలిపోయాయి. ఒక ఫ్యాను ముందుకు తిరిగింది, రెండోది పైకే చూస్తూ ఉండిపోయింది. విమానం తన చుట్టూ తానే గిరగిరా తిరిగి కంపచెట్లలో పడింది.

అసలు కథ మూడు, నాలుగు, ఐదుది. మూడుసార్లూ ఒకే తీరు. చక్కగా లేచింది, నిలబడింది, ఫ్యాన్లు ముందుకు తిప్పమనగానే చచ్చిన పిట్టలా రాలింది. మనవడు సాఫ్ట్‌వేర్‌లో తప్పుందన్నాడు, రెండు వారాలు రాత్రింబవళ్ళు అంకెలు మార్చాడు. వాడి క్లాసులో అమ్మాయి ఒకామె బోర్డులో దాచిన రికార్డు తీసి చూసి, "తాతయ్యా, మూడుసార్లూ రికార్డు మధ్యలోనే తెగిపోయింది. తెగే ముందు అయిదు వోల్టులు ఉండాల్సింది నాలుగున్నరకు దిగింది" అని చూపించింది.

నాకు నవ్వొచ్చింది. పాత బస్సుకు హెడ్‌లైట్లు వేసి ఉంచి సెల్ఫ్ కొట్టండి. లైట్లు గుడ్డిదీపాలవుతాయి. స్టార్టర్ మోటారు ఒక్కసారిగా కరెంటంతా గుంజుకుంటుంది కాబట్టి. ఇక్కడా అదే. రెండు సర్వోలకూ కంప్యూటర్ బోర్డుకూ ఒకే చోటి నుంచి కరెంటు ఇచ్చాం. సర్వోలు రెండూ ఒక్క దెబ్బన గుంజగానే బోర్డుకు కళ్ళు బైర్లు కమ్మి, ఆగి మళ్ళీ మొదలవుతోంది. గాల్లో ఉన్న విమానానికి ఆ కాస్త సేపు చాలు. సర్వోలకు వేరే కరెంటు దారి పెట్టాం. కొన్ని వందల రూపాయల పని. రోగం మళ్ళీ రాలేదు.

ఆ అమ్మాయికి రికార్డు చదవడం వచ్చు, సెల్ఫ్ మోటారు సంగతి తెలియదు. నాకు సెల్ఫ్ మోటారు తెలుసు, రికార్డు చదవడం రాదు. మా ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టింది పడిపోయిన విమానం. అది పడకపోయుంటే మాకు ఇచ్చిపుచ్చుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇక కాలేజీ సంగతికి వస్తాను. మావాడు దీన్నే ప్రాజెక్టుగా పెట్టాడు. సమీక్ష రోజున ఎగురుతున్న వీడియో చూపమన్నారు. అప్పటికి మా దగ్గర ఉన్నవన్నీ పడుతున్న వీడియోలే. ఎందుకు పడిందో, ఎలా కనుక్కున్నామో 12 పేజీలు రాసుకుని వెళ్ళాడు. "పడిందని రిపోర్టులో రాయకూడదయ్యా, పరువు పోతుంది" అని ఆ పేజీలు తీయించారు. అదే రోజు ఇంకో జట్టు అంగట్లో కొన్న నాలుగు ఫ్యాన్ల డ్రోన్‌కు కాలేజీ స్టిక్కరు అంటించి వరండాలో ఎగరేసింది. చప్పట్లూ వాళ్ళకే, మార్కులూ వాళ్ళకే. ఆ పిల్లల్ని నేను తప్పుపట్టను. ఎగిరితేనే మార్కులన్నప్పుడు ఎగిరేదాన్నే కొనుక్కొచ్చారు. ఆ లెక్క పెట్టినవాళ్ళనే అడుగుతున్నాను.

పడితే పరువు పోతుందా? విశాఖ బీచ్ రోడ్డులో సీ హారియర్ యుద్ధవిమానాన్ని ప్రదర్శనకు పెట్టారు. చూడని వాళ్ళు చూడండి. 1983లో మన నౌకాదళంలోకి వచ్చి 2016 దాకా ఓడల మీద లేచి దిగిన జాతి అది. దాని పక్కల నాలుగు నాజిళ్ళుంటాయి. వాటిని కిందికి తిప్పితే నిలబడుతుంది, వెనక్కి తిప్పితే దూసుకుపోతుంది. పిల్లలు వాటి ముందు సెల్ఫీలు దిగుతుంటారు. నేను మాత్రం దాని ముత్తాతను తలుచుకున్నాను. ఇంగ్లండులోని డన్స్‌ఫోల్డ్‌లో 1960 అక్టోబర్ 21న పి.1127 అనే విమానం మొదటిసారి నేల వదిలింది. ఎలా వదిలింది? తాళ్ళతో నేలకు కట్టేసి. నడిపిన బిల్ బెడ్‌ఫోర్డ్ కాలికి అప్పుడు పిండికట్టు. అలా నిలబడిన విమానం రెక్క మీదికి మారి, మళ్ళీ నిలువుకు వచ్చి దిగడం 1961 సెప్టెంబర్‌లో గాని కుదరలేదు. భుజం మార్చుకోవడానికి పదకొండు నెలలు. అంతటితో అయిపోలేదు. 1963లో పారిస్ ప్రదర్శనలో, జనమంతా చూస్తుండగా అదే విమానం కూలింది. కారణం నాజిళ్ళు తిప్పే ఏర్పాటులో లోపం. మా సర్వో పళ్ళ కథకు పెద్దన్న అన్నమాట. బెడ్‌ఫోర్డ్ బతికి బయటపడ్డాడు. వాళ్ళు దాన్ని దాచిపెట్టలేదు, బాగుచేసి మళ్ళీ ఎగరేశారు. ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. పడ్డ విమానానికి మ్యూజియంలో చోటు దొరికింది, మావాడి 12 పేజీలకు రిపోర్టులో చోటు దొరకలేదు.

పి.1127ను తాళ్ళతో కట్టి లేపారని తెలిశాక మేమూ కట్టేయడం నేర్చుకున్నాం. ఎనుముకు కట్టే పలుపుతో వేపకొమ్మకు వేలాడదీసి, కింద రాయి కట్టి, అడుగెత్తు లోపలే పదిసార్లు నిలబెడతాం. చెరువు మట్టి లేచి మోటార్లలో దూరకుండా కింద పాత ఎన్నికల ఫ్లెక్సీ పరుస్తాం. ఏ పార్టీదో చెప్పను, మా విమానం మాత్రం అందరి ముఖాల మీదా సమానంగానే పడింది.

ప్రమాదం కాదా అని అడిగేవాళ్ళున్నారు. అడగాలి కూడా. నా ఎడమ బొటనవేలికి నాలుగు కుట్లున్నాయి. బ్యాటరీ ఊడదీయకుండా ఫ్యాను ముట్టుకున్నందుకు నాకు పడ్డ శిక్ష అది. ఆ రోజు నుంచి మా పద్ధతులు గోడ మీద రాసుకున్నాం. లిథియం బ్యాటరీ దెబ్బతింటే మండుతుంది కాబట్టి, ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి, ఇంటి బయటే ఛార్జింగ్. ఎగిరేటప్పుడు మనుషులంతా ఒకే వైపు, వెనక. మేకలుంటే ఆ రోజుకు సెలవు. మే నెల మధ్యాహ్నం అసలు ఎగరేయం. ఎండకు గాలి పలచబడి, మామూలు లెక్కకు పదో వంతుకు పైగా బలం తగ్గుతుంది. పొద్దున ఆరింటికే మా పని.

చట్టం అడ్డమొస్తుందని చాలామంది అనుకుంటారు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు చదివిస్తే నాకే ఆశ్చర్యమేసింది. చదువుకో పరిశోధనకో సరదాకో చేసి, కంటికి కనిపించే దూరంలో ఎగరేసే 25 కిలోల లోపు నమూనాకు టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వ్యాపారం కోసం కాకపోతే, రెండు కిలోల లోపు దానికి పైలట్ లైసెన్సూ అక్కర్లేదు. గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, మ్యాపులో ఆకుపచ్చగా చూపిన చోటే ఎగరేయాలి, 400 అడుగులు దాటకూడదు. మేం చెట్టెత్తు దాటితే గొప్ప. తయారైన డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో నిషేధించిన ప్రభుత్వం విడిభాగాలను మాత్రం రానిచ్చింది. కొనకండి, చేసుకోండి అనే కదా దానర్థం? చేసుకోవడమంటే మధ్యలో పడటం ఉంటుంది. చట్టం ఒప్పుకున్న ఆ సంగతిని తరగతి గది ఒప్పుకోవడం లేదు.

ఇంత చెప్పి ఊరుకుంటే ముసలాయన గొణుగుడు అవుతుంది. అందుకే ఒక పని చెబుతాను. దానికి నిధులూ కమిటీలూ అక్కర్లేదు. మా డిపోలో ఒక ఇనుపబల్ల ఉండేది. బస్సులో చెడిన బేరింగూ, విరిగిన బోల్టూ, కాలిన ప్లేటూ ఏదైనా సరే పారేయకుండా దాని మీద పెట్టాలి. ఒక చీటీ కట్టాలి. ఏ బస్సు, ఎన్ని కిలోమీటర్లకు, ఎందుకు చెడింది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు మొదటి వారం పాఠం ఆ బల్ల దగ్గరే. మాన్యువల్ తర్వాత. నాకు పని నేర్పింది ఆ బల్లే.

ప్రతి ఇంజనీరింగ్ కాలేజీలో, ప్రతి పాలిటెక్నిక్‌లో అలాంటి బల్ల ఒకటి వేయండి. బీరువాలో తాళం వేసిన ట్రోఫీల పక్కన కాదు, ల్యాబు గుమ్మం ముందర. ప్రాజెక్టు మార్కుల్లో నాలుగో వంతు ఆ చీటీలకు కేటాయించండి. ఎందుకు పడిందో రుజువుతో చెప్పగలిగినవాడికి మార్కులు. "ఎందుకో తెలీదు సార్, పడింది" అన్నవాడికి లేవు. కొన్న డ్రోన్‌కు స్టిక్కరు అంటించినవాడు ఆ బల్ల మీద ఏం పెడతాడు? వాడి మోసం వాడే బయటపెట్టుకుంటాడు, మనం పట్టుకోనక్కర్లేదు.

ఆరోసారి ఎందుకు పడిందో మేకలాయనకు చెప్పలేదు కదా. బ్యాటరీ కట్టిన పట్టీ వదులై, అది రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి జారింది. తూకం తప్పింది. ఏడోసారి పట్టీ బిగించి లేపాం. ఫ్యాన్లు ముందుకు తిరిగాయి, రెక్క బరువు అందుకుంది. పదకొండు సెకన్లు చెరువు మీద విమానంలా పోయింది. దిగేటప్పుడు గాలికి ఒరిగి ఫ్లెక్సీ పక్కన ముక్కు విరగ్గొట్టుకుంది. మనవడు పరుగెత్తుకెళ్ళి ముక్కలు ఏరాడు. ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు, గట్టు మీద కూర్చుని అప్పుడే చీటీ రాస్తోంది.

మొదట బల్ల వేసే కాలేజీకి నా దగ్గరున్న సరుకు ఇస్తాను. పళ్ళు రాలిన సర్వో ఒకటి. చీటీతో సహా సిద్ధంగా ఉంది: రెండోసారి పడినది. ఎత్తు పన్నెండు అడుగులు. కారణం, ప్లాస్టిక్ పళ్ళు. తప్పు, చవగ్గా వస్తుందని కొన్న తాతది.