విషం ఫ్యాక్టరీలో, ఆంక్ష పల్లె కొట్టులో

ఔషధ నియమావళిలోని షెడ్యూలు-కె నుంచి దగ్గు సిరప్‌లను తొలగించాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2025 డిసెంబరు ఆఖరులో ముసాయిదా నోటిఫికేషన్ వెలువరించింది. లైసెన్సు లేని దుకాణంలో ఇక దగ్గుమందు సీసా అమ్మకూడదన్నది దాని సారం. కోల్డ్రిఫ్ అనే సిరప్ తాగి పిల్లలు చనిపోయిన తర్వాత దగ్గుమందులపై పట్టు బిగిస్తున్నామని చెప్పడానికి ఈ ముసాయిదా ఇప్పుడు ప్రభుత్వానికి అక్కరకొస్తోంది. లైసెన్సు లేని చోట మందు అమ్మకపోవడం మంచిదే, అందులో ఎవరికీ పేచీ లేదు. కానీ మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పసిపిల్లల ప్రాణాలు తీసిన లోపాన్ని ఈ సవరణ సరిదిద్దుతుందన్న భావన కలిగించడం నిజాయతీ కాదు.

షెడ్యూలు-కెలోని 13వ అంశం ఇంటివైద్యంలో వాడే కొన్ని సాధారణ మందుల జాబితా. పారాసిటమాల్ మాత్రలు, నొప్పి తగ్గించే బామ్‌లు, గ్రైప్ వాటర్, ఆముదం, యూకలిప్టస్ నూనె, దగ్గు బిళ్లలు, దగ్గు సిరప్‌లు అందులో ఉన్నాయి. వీటిని అమ్మడానికి లైసెన్సు అవసరం లేదు, కానీ ఆ మినహాయింపు అందరికీ కాదు. జనాభా వెయ్యికి మించని గ్రామానికే అది పరిమితం. సరుకును లైసెన్సున్న టోకు వర్తకుడి దగ్గరో తయారీదారు దగ్గరో కొనాలి. మూత తెరవని అసలు సీసాలోనే అమ్మాలి. మెడికల్ షాపు లేని మారుమూల పల్లెలో కిరాణా కొట్టు వరకే వర్తించే ఏర్పాటు ఇది. ముసాయిదా సవరిస్తున్నదీ దీన్నే.

ఛింద్వాడా జిల్లా పరాసియాలో జరిగింది వేరు. పరాసియా వెయ్యిమంది ఉండే కుగ్రామం కాదు, బొగ్గు గనుల నడుమ ఉన్న మునిసిపల్ పట్టణం. జలుబు, జ్వరం వచ్చిన పిల్లలను తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లారు. డాక్టరు చీటీ రాశారు. మందును మెడికల్ షాపులో కొన్నారు. సీసా మీద కంపెనీ పేరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అన్నీ ఉన్నాయి. కొత్త ముసాయిదా కోరుకునే జాగ్రత్తలన్నీ ఆ తల్లిదండ్రులు అప్పటికే పాటించారు. అయినా పిల్లలకు మూత్రం ఆగిపోయింది, మూత్రపిండాలు చెడిపోయాయి. ఊరి ఆస్పత్రి నుంచి నాగ్‌పూర్‌కు, డయాలసిస్‌కు పరుగులు పెట్టినా 20 మందికి పైగా పిల్లలు దక్కలేదు. ఈ సవరణ 2025 సెప్టెంబరుకు ముందే అమల్లో ఉన్నా వారిలో ఒక్కరి చేతికీ ఆ సీసా అందకుండా ఆపగలిగేది కాదు. ప్రభుత్వం ముందుగా ఒప్పుకోవలసిన వాస్తవం ఇదే.

విషం దుకాణంలో కలవలేదు. తమిళనాడులోని కాంచీపురం జిల్లా సుంగువార్‌ఛత్రంలో శ్రేసన్ ఫార్మా ఫ్యాక్టరీలో, 2025 మేలో తయారైన కోల్డ్రిఫ్ ఎస్‌ఆర్-13 బ్యాచ్‌లో కలిసింది. తమిళనాడు ఔషధ నియంత్రణ శాఖ పరీక్షలో ఆ బ్యాచ్‌లో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. అనుమతించే పరిమితి 0.1 శాతం. అంటే 5 మిల్లీలీటర్ల చెంచాతో పిల్లవాడి నోట్లో పోసిన ప్రతిసారీ సుమారు 2.4 గ్రాముల విషం లోపలికి వెళ్లింది. పారాసిటమాల్ వంటి మందు నీటిలో సరిగా కరగదు కాబట్టి సిరప్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం వాడతారు. మందుల తయారీకి తగిన శుద్ధిగల రకం ఖరీదు ఎక్కువ. రంగుల పరిశ్రమకు, ఇతర పరిశ్రమలకు వెళ్లే రకం చవక, అందులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉండే ప్రమాదం ఉంది. రెండూ రంగులేని, చిక్కటి, తియ్యటి ద్రవాలే. కంటితో చూసి, వాసన పట్టి, రుచి చూసి తేడా చెప్పడం ఫార్మసిస్టు వల్ల గానీ డాక్టరు వల్ల గానీ కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర డ్రమ్ము దిగినప్పుడు, మళ్లీ సిరప్ సిద్ధమయ్యాక, ప్రయోగశాలలో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ముడిసరుకును పరీక్షించే వాడాలన్న నియమం పాతదే. ఆ పరీక్ష జరగలేదు. మరణాల తర్వాత ఆ ఫ్యాక్టరీలో అడుగుపెట్టిన తనిఖీ అధికారులకు 350కి పైగా లోపాలు కనిపించాయి. అన్ని లోపాలు రాత్రికి రాత్రి పుట్టవు.

ఒక్క ఫ్యాక్టరీ చేసిన పాపమని సరిపెట్టుకునే వీలు కూడా లేదు. 2025 అక్టోబరులోనే, గుజరాత్‌లో తయారైన రెస్పిఫ్రెష్ టీఆర్, రీలైఫ్ సిరప్‌లలోనూ పరిమితికి మించి ఇదే విషం బయటపడింది. కోల్డ్రిఫ్‌తో కలిపి ఆ మూడింటిపైనా ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ముడిసరుకుకు, తయారైన మందుకు బ్యాచ్‌ల వారీగా పరీక్షలు చేయని కంపెనీలు తనిఖీల్లో కనిపించాయని భారత డ్రగ్స్ కంట్రోలర్ జనరలే అక్టోబరు 7న రాష్ట్రాలకు రాసిన లేఖలో చెప్పారు. రోగం ఎక్కడుందో ప్రభుత్వానికి తెలుసుననడానికి ఈ లేఖే సాక్ష్యం. తెలిసి కూడా మందు మరో చోట రాయడం ఈ ముసాయిదాలోని అసలు తప్పు.

పరీక్ష చేయడం కష్టమనీ, ఖర్చనీ, దేశంలో అంత ప్రయోగశాలల సత్తా లేదనీ అనుకుందామంటే, అదే ప్రభుత్వం 2023లో చేసిన పని ఆ సాకును కొట్టిపారేస్తోంది. 2022లో గాంబియాలో సుమారు 70 మంది పిల్లల మరణాలకు హరియాణా కంపెనీ సిరప్‌లతో సంబంధం ఉందని ఆరోపణ వచ్చింది. ఆ ఏడాది చివర్లో నోయిడా కంపెనీ సిరప్ తాగి 18 మంది పిల్లలు చనిపోయారని ఉజ్బెకిస్థాన్ ప్రకటించింది. దేశం పరువు బజారున పడింది. 2023 జూన్ 1 నుంచి ఎగుమతి అయ్యే ప్రతి దగ్గుమందుకూ ప్రభుత్వం గుర్తించిన ప్రయోగశాల నుంచి పరీక్ష ధ్రువపత్రం తప్పనిసరి అయింది. పత్రం లేకపోతే సరుకు ఓడ ఎక్కదు. అందుకు గుర్తించిన ప్రయోగశాలల్లో హైదరాబాద్‌లోని కేంద్ర ఔషధ పరీక్షా కేంద్రమూ ఉంది. విదేశాల పిల్లల కోసం పెట్టిన ఆ నియమాన్ని స్వదేశంలోని పిల్లలకు వర్తింపజేయలేదు. గాంబియాకు వెళ్లే సీసాకు ఉన్న కాపలా పరాసియాకు వెళ్లే సీసాకు లేకపోయింది. ఆ తేడాతో రెండేళ్లకు పైగా గడిచాక ఛింద్వాడాలో పిల్లలు రాలిపోయారు. కోల్డ్రిఫ్ ఎగుమతి అయిందా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగినప్పుడు, కాలేదని మన అధికారులు జవాబిచ్చారు. నిజమే కావచ్చు. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులకు ఆ జవాబు ఎలా వినిపిస్తుందో ఢిల్లీలో ఎవరైనా ఆలోచించారా?

చప్పున భరోసా ఇచ్చేయడం మన నియంత్రణ వ్యవస్థకు అలవాటైపోయింది. ఛింద్వాడాలో పిల్లలు చనిపోతుండగా 2025 అక్టోబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ, పరీక్షించిన నమూనాల్లో డైఇథిలీన్ గ్లైకాల్ లేదని ప్రకటించింది. అప్పటికి ఫలితాలు వచ్చిన నమూనాలు తొమ్మిది. విషమున్న బ్యాచ్‌ను పట్టుకోకుండా పక్క సీసాల ఫలితం చెప్పడం జనానికి ఏ ధైర్యమిస్తుంది? ఫ్యాక్టరీకే వెళ్లి నమూనా తీసిన తమిళనాడు అధికారులు సెలవు రోజుల్లోనే, ఒకటి రెండు రోజుల్లో నిజం తేల్చారు. గాంబియా విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆ కంపెనీ నమూనాలు ప్రమాణాలకు తగ్గట్టే ఉన్నాయని 2022 డిసెంబరులో మన నియంత్రణ సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేఖ రాసింది.

తయారీ లైసెన్సులు ఇచ్చేది రాష్ట్రాలే, తమిళనాడు తన వంతు తనిఖీ చేయలేదన్న కేంద్రం వాదనలో నిజముంది. అధిక ప్రమాదం ఉన్న ద్రావకాల కదలికలను ఆన్‌లైన్‌లో నమోదు చేయాలన్న కొత్త ఆదేశం కూడా సరైనదే. కానీ నియమాలు రాసేది కేంద్రమే, గడువులు పొడిగించిందీ కేంద్రమే. తయారీ ప్రమాణాలను కఠినం చేసే సవరించిన షెడ్యూలు-ఎం 2024 జనవరికే వచ్చినా, 250 కోట్ల రూపాయల లోపు టర్నోవరున్న కంపెనీలకు 2025 డిసెంబరు 31 వరకు వెసులుబాటు ఇచ్చారు. కలుషిత బ్యాచ్ తయారైంది ఆ వెసులుబాటు కాలంలోనే. ప్రతి 50 తయారీ యూనిట్లకు ఒక డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉండాలని 2003లోనే మాషేల్కర్ కమిటీ సిఫారసు చేసింది. చిన్న పరిశ్రమ బతకాలనడం న్యాయమే. పిల్లల మందు పరీక్ష ఖర్చు మిగుల్చుకుని బతికే హక్కు మాత్రం ఏ పరిశ్రమకూ లేదు.

ఈ వ్యవహారంలో మొదట అరెస్టయింది మందు రాసిన డాక్టరు. కంపెనీ యజమాని ఆ తర్వాత నాలుగు రోజులకు గానీ పట్టుబడలేదు. ఆ డాక్టరు వైద్యంలో, మందుల ఎంపికలో తప్పులుంటే విచారించి శిక్షించవలసిందే. కోల్డ్రిఫ్ వంటి మందుల మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులోనే ఆదేశమిచ్చి, అది ప్రతి డాక్టరుకూ చేరిందో లేదో చూడని వ్యవస్థను ఎవరు విచారిస్తారు? డాక్టరుపై కేసు, ఇప్పుడు పల్లె కొట్టుపై నిషేధం, రెండూ అమ్మకం చివరనే ఆగిపోతున్నాయి. తయారీ గేటు దాకా చేయి చాచడానికి ప్రభుత్వం జంకుతోంది.

ఈ విషం సంగతి ప్రపంచానికి 1937 నుంచి తెలుసు. ఆ ఏడాది అమెరికాలో ఇదే డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన మందు వందమందికి పైగా ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాదే అక్కడ చట్టం మారింది, అమ్మకానికి ముందే మందు సురక్షితమని నిరూపించే బాధ్యత తయారీదారు మీద పడింది. మన దేశంలో 1972లో మద్రాసు, 1986లో ముంబయి జేజే ఆస్పత్రి, 1998లో గుర్‌గావ్, 2019-20లో జమ్మూలోని రాంనగర్ ఇదే విషానికి బలయ్యాయి. ముంబయి మరణాలపై లెంటిన్ కమిషన్ విచారణ చేసింది. బ్యాచ్ బయటికి వెళ్లేముందు పరీక్ష తప్పనిసరి చేసి, దాన్ని బయటి ప్రయోగశాల ధ్రువీకరించే పద్ధతి మాత్రం దేశీయ మార్కెట్‌కు ఇప్పటికీ రాలేదు.

ఇది తెలుగు రాష్ట్రాలకు దూరపు సంగతి కాదు. ఎస్‌ఆర్-13 బ్యాచ్‌ను వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ అక్టోబరు 4న ప్రజలను హెచ్చరించింది. ఆ తర్వాత గుజరాత్ సిరప్‌ల మీదా హెచ్చరించింది. త్వరగా స్పందించినందుకు ఆ శాఖను మెచ్చుకోవాలి. కానీ వేరే రాష్ట్రంలో పిల్లలు చనిపోయాకే ఆ హెచ్చరికకు ఆధారం దొరికింది. మార్కెట్‌లోకి చేరిన ప్రమాదకర బ్యాచ్‌ను వెనక్కి రప్పించడానికి మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు.

కేంద్ర ప్రభుత్వం షెడ్యూలు-కె సవరణతో పాటు మరో నోటిఫికేషన్ వెంటనే ఇవ్వాలి. 2023 జూన్ నుంచి ఎగుమతి సిరప్‌లకు అమలవుతున్న పరీక్ష నియమాన్ని దేశంలో పిల్లలకు అమ్మే ప్రతి ద్రవ ఔషధానికీ, ప్రతి బ్యాచ్‌కూ వర్తింపజేయాలి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో సహా ఆ ఫలితాలను ప్రజలు చూసేలా ప్రకటించాలి. ద్రావకం డ్రమ్ములకు పరీక్ష పత్రం లేని ఫ్యాక్టరీ ఆ రోజే మూతపడాలి. వీటిలో దేనికీ కొత్త శాస్త్రం అక్కర్లేదు, కొత్త పరికరమూ అక్కర్లేదు. వైద్య సంఘాలు, తల్లిదండ్రులు, రాష్ట్ర ప్రభుత్వాలు ముందుగా అడగవలసింది ఇదే.