రోకలి తలపాగా

వెర్రి కుదిరినది, రోకలి తలకు చుట్టుడన్న వాని సామెతను వినినపుడెల్ల మనము నవ్వుచునే యున్నాము. నవ్వదగినదే. కాని యా సామెతను పుట్టించినవాడెవ్వడో మనకంటె మంచి వైద్యుడు. తనకు నయమైనదని యా రోగి మనఃపూర్వకముగా నమ్మి పలికెను. అబద్ధమాడలేదు, మొండితనము చేయలేదు. రోగమును గుర్తింపవలసిన మనస్సే రోగగ్రస్తమైనపుడు అది తన్ను తానెట్లు చూచుకొనును? కన్ను తన్ను తాను చూడజాలదని వేదాంతగోష్ఠులలో దృష్టాంతములు చెప్పు మనకు, ఇంటిలో నీ చిన్న సంగతి తోచకున్నది!

పక్షవాతముచే చేయి పడిపోయినవాడు తన చేయి బాగుగనే యున్నదని చెప్పుట చూచి, బాబిన్‌స్కీ యను ఫ్రెంచి వైద్యుడు 1914లో దీనికి అనోసోగ్నోసియా యని పేరు పెట్టెను. రోగజ్ఞానము లేకపోవుట యని దాని యర్థము. స్కిజోఫ్రీనియా యను తీవ్ర మానసిక వ్యాధిలో సుమారు సగముమందికైన నీ స్థితి యేదో యొక మేరకు కలుగునని వైద్యుల మాట.

ఇట్లుండగా నరసరావుపేట మొదలు మాచర్ల వరకు మేమెరిగిన యిండ్లలో జరుగుచున్నదేమి? నాకు రోగము లేదన్న కుర్రవానికి ముందు తిట్లు, పిమ్మట దెబ్బలు, ఆపైని తాయెత్తు, తుదకు మజ్జిగలో దొంగచాటుగా మాత్ర. ఈ మజ్జిగ మాట కొంచెము నిలిచి చెప్పవలెను. తనకెవరో విషము పెట్టుచున్నారని వణకుచున్నవానికి గ్లాసు అడుగున తెల్లని పొడి కనబడెనేని, వాని భ్రమకు సాక్ష్యమును మనమే సమకూర్చినవార మగుదుము. ఆ మీదట తల్లి చేతి ముద్దయు వాడు ముట్టడు. ఆ తప్పు వానిదా?

ఇక పెండ్లి. పెండ్లి కుదిరినగాని పిచ్చి కుదరదని పెద్దలు పరిహాసమునకన్న మాటను చికిత్సగా గైకొని, ఒక పడుచుపిల్లను మందుగా నూరి పోయుచున్నారు. బి.ఏ.లు చదివినవారును పోయుచున్నారు.

మేమును నిర్దోషులము కాము. గురజాల చెంత పల్లెనుండి వచ్చి, రామశబ్దమును తడువుకొనక యొప్పజెప్పుచుండిన విద్యార్థి యొకడు, ఏడాది తిరుగకమునుపే మూడు వాక్యములను నిలుపుకొనలేని వాడయ్యెను. సోమరియని బల్లపై నిలువబెట్టితిమి. రెండేండ్లకు వాడు వినబడని గొంతులకు బదులు చెప్పుచు తిరుగజొచ్చెను. జ్ఞాపకము, అవధానము, పనికి వరుస యేర్పరచుకొను శక్తి సన్నగిల్లుట యీ వ్యాధిలో భాగమనియు, పలువురకు గొంతులు వినబడుటకు ముందే యది మొదలగుననియు, మందులకు గొంతులణగినను ఇవి యంతగా మరలిరావనియు మేము తరువాత చదువుకొంటిమి. మిరపచేనికి పోయి మోటారు వేసి, వచ్చుచు ఉప్పు తెమ్మనిన వాడు ఉప్పు మరచును. ఒక్కొక్క పనియే చెప్పుడు. కాగితముపై వ్రాసి యిండు. కొట్టినంతమాత్రమున ఉప్పు రాదు.

ఒప్పుకొననివానికి వైద్యమెట్లందురా? రోగమును ఒప్పుకొననివాడును నిద్రలేమిని ఒప్పుకొనును, భయమును ఒప్పుకొనును. అచ్చటనే మొదలుపెట్టవలెను. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ 14416కు ఇంటివారు తెలుగుననే మాటలాడవచ్చును. తెలివి నిలుకడగా నున్న దినములలో, మరల జబ్బు తిరుగబెట్టినచో తనకెట్టి వైద్యము చేయవలెనో, తన పక్షమున నెవరు మాటలాడవలెనో ముందుగా వ్రాసియుంచు హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగికిచ్చినది. ఆ చట్టమే గొలుసును సర్వవిధముల నిషేధించినది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడి కదలలేక 28 మంది మరణించిరి. వారిని కట్టించినవారిలో కన్నవారును ఉండిరి.

మా విద్యార్థి యిపుడు తండ్రి దుకాణమున కూర్చుండుచున్నాడు. తనకు రోగము లేదనియే నేటికిని చెప్పును. నిద్రకని మాత్ర వేసికొనును. మేమును వాదింపము.