నేరం ప్రకృతిది కాదు

మనిషెంత, వాడి బలమెంత, ఇంత పెద్ద భూమిని వాడు మార్చగలడా? అకాలంలో వాన కురిసి కోతకొచ్చిన వరి పడిపోయినా, కొబ్బరి మొవ్వు ఎండి రాలినా ఈ ప్రశ్నే జవాబులా వినబడుతోంది. బాగా చదువుకున్నవాళ్లూ అంటున్నారు. అంతా కాలమహిమ అనేస్తే ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ఆ మాట ఇంకెక్కడైనా చెల్లుతుందేమోగానీ కోనసీమలోని మన కొత్తపేటలో చెల్లదు.

ఈ సీమ రూపమే మనిషి చెయ్యి పడి మారింది. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద మొదలుపెట్టిన ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. అంతకు ముందు ఒక ఏడు వరద ముంచేది, ఒక ఏడు కరువు తినేది. తర్వాత కాలువలు వచ్చాయి, లాకులు వచ్చాయి, గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించిన అక్విడెక్టు వచ్చింది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండాయి. ఐదేళ్ల పనితో ఒక డెల్టాలో నీటి నడక మారిపోయింది. అందుకే ఇప్పటికీ కాటన్ విగ్రహాలకు దండలు వేస్తున్నాం. మేలు జరిగినప్పుడు మనిషి ఘనత ఒప్పుకుని, కీడు జరిగినప్పుడు ప్రకృతి మీదికి నెట్టడం న్యాయం కాదు.

ప్రపంచం సంగతిలో ఇక సందేహం మిగల్లేదు. పరిశ్రమల యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండే కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అగ్నిపర్వతాలదే తప్పు అనేవారికి ఒక్క లెక్క చాలు: మనిషి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో అవి వదిలేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. గాలిని, సముద్రాన్ని, నేలను వేడెక్కించింది మనిషేనని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం 2021లో నిస్సందేహంగా ప్రకటించింది. భూమి తిరిగే తీరు మీద కూడా మన చెయ్యి పడింది. 1993, 2010 మధ్య ప్రపంచమంతటా బోర్లతో తోడిన భూగర్భజలం 2.15 లక్షల కోట్ల టన్నులని, అంత బరువు నేలలోంచి సముద్రంలోకి చేరినందువల్ల భూమి ధ్రువం 80 సెంటీమీటర్ల దాకా జరిగిందని దక్షిణ కొరియా శాస్త్రవేత్తల నాయకత్వంలో జరిగిన పరిశోధన 2023లో తేల్చింది. అందులో వాయవ్య భారతంలో తోడిన నీటి వాటా పెద్దది. పంపుసెట్ల బలం ధ్రువం దాకా వెళ్లిందంటే, మనిషెంత అన్న ప్రశ్నకు అంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయితే వాతావరణ మార్పు అన్న మాట కూడా ఈమధ్య పాలకులకు తప్పించుకునే దారి అయింది. ఉప్పునీరు పొలంలోకి ఎక్కిందా, సముద్రమట్టం పెరుగుతోంది కదా అంటారు. తీరం కోసుకుపోయిందా, ప్రపంచమంతా అంతే అంటారు. కోనసీమకు జరుగుతున్న నష్టంలో ఆకాశం నుంచి వచ్చింది కొంతే. మనం కట్టినవి, తవ్వినవి, వదిలేసినవి చేసిన నష్టం అంతకన్నా పెద్దది. ఈ పత్రిక అభిప్రాయం ఇది, దీనికి ఆధారం గోదావరి ఒండ్రులోనే ఉంది.

డెల్టా అంటే నది పోసిన మట్టి. వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా చాలా లోపలికి ఉండేది. గోదావరి ఏటేటా ఒండ్రు తెచ్చి పోసి దాన్ని వెనక్కు నెట్టింది. పొలాల మధ్య వరసగా కనబడే ఇసక మెరకలు ఆ పాత తీరాల గుర్తులే. ఒండ్రు మట్టి తన బరువుకు తానే నెమ్మదిగా అణిగిపోతుంది, పై నుంచి కొత్త మట్టి పడుతూ ఉంటేనే మట్టం నిలుస్తుంది. ఆ కొత్త మట్టి ఇప్పుడు రావడం లేదు. 1970 దశకంలో గోదావరి ఏటా మోసుకొచ్చిన ఒండ్రు సగటున 15 కోట్ల టన్నులు. 2000–2006 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు పడిపోయింది. ఈ లెక్క తేల్చింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, ఆచార్య కాకాని నాగేశ్వరరావు బృందం. నది నీరు పెద్దగా తగ్గలేదు, మట్టి మాత్రం మూడో వంతు చిల్లరకు దిగింది. పైఠాన్ దగ్గర జాయక్‌వాడీ, పోచంపాడు దగ్గర శ్రీరామ్‌సాగర్ మొదలుకొని బేసిన్‌లోని జలాశయాల అడుగున అది పూడికగా పడి ఉంది. ఫలితంగా 1965, 2008 మధ్య కృష్ణా గోదావరి డెల్టాల తీరం నికరంగా 76 చదరపు కిలోమీటర్లు కోల్పోయింది. ఎకరాల్లో చెబితే దాదాపు 18,800. సముద్రమట్టం పెరుగుదల దీనికి ప్రధాన కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవని, కారణం జలాశయాలేనని ఆ పరిశోధకులు స్పష్టంగా రాశారు.

అందుకే పోలవరం ప్రాజెక్టు గురించి ఇప్పుడే మాట్లాడాలి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి, ఈ మూడు ఉపనదులు కలిసిన తర్వాత, వాటన్నిటికీ దిగువన పోలవరం ఉంది. డెల్టాకు ఇవాళ వస్తున్న ఆ కాస్త మట్టి కూడా ఎక్కువగా వీటి నుంచే వస్తోంది. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, నిల్వ 194 టీఎంసీలు. ఇంత నీరు నిలిస్తే మట్టి అక్కడే ఆగుతుంది. ఎన్ని ఎకరాలకు నీళ్లు, ఎన్ని మెగావాట్ల కరెంటు అని లెక్కలు చెబుతున్నారు. కోనసీమకు ఏటా ఎన్ని టన్నుల ఒండ్రు వదులుతారో చెప్పినవారు లేరు. ప్రాజెక్టు వద్దని మేం అనడం లేదు. బురదతో వచ్చే తొలి వరదను ఆపకుండా కిందికి పంపే నిబంధన ఉండాలి, అది కాగితం మీద రాసి ఉండాలి అంటున్నాం.

సముద్రానికి దూరంగా ఉన్న కొత్తపేటకు ఇదంతా ఎందుకని అడిగేవారుంటారు. మన మురుగు కాలువలు పోయేది సముద్రానికే. ఈ కాలువల వాలు చాలా తక్కువ. సముద్రం పాటు మీద ఉన్నప్పుడే నీరు దిగుతుంది, పోటు మీద ఉంటే ఆగుతుంది. ముఖద్వారం పూడి, సముద్రమట్టం ఏటా మూడు, నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే నీరు దిగే సమయం తగ్గుతూ వస్తుంది, ముంపు పై ఊళ్లకు పాకుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు సమస్య కూడా వారి గోడులో ఉంది. ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది, విన్నది, వెళ్లింది. కాలువల్లో గుర్రపుడెక్క అలాగే ఉంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటు నీరు ఎదురెక్కి కొబ్బరి తోటలు మోడులైపోయాయి. ఆ చెట్లకు ఎవరి దిష్టీ తగల్లేదు. వాటి వేళ్లకు ఉప్పు తగిలింది. కాయ దింపులు తీసి అమ్ముకునే చెట్టు మోడైతే, కొత్త మొక్క కాపుకొచ్చే దాకా ఆ ఇల్లు ఏం తిని బతకాలి?

ఉప్పునీటి రొయ్యల చెరువులు ఈ నష్టాన్ని లోపలి ఊళ్లకు మోసుకొస్తున్నాయి. తీర నియంత్రణ మండలంలో ఇలాంటి చెరువులు కూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే తీర్పు చెప్పింది. 2005లో వచ్చిన చట్టం దాన్ని మెత్తబరిచింది. పక్క రైతు వరిచేను చౌడు తేలినా అడిగే నాథుడు లేడు.

ఇక గ్యాస్. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండిన సంగతి పెద్దవాళ్లకు గుర్తే. చమురు, గ్యాసు తీయడం వల్ల నేల కుంగుతోందన్న భయం అప్పటి నుంచీ ఉంది. ఇది వట్టి భయం కాకపోవచ్చు. ఇటలీలోని పో నది డెల్టాలో గ్యాసు కోసం భూమిలోంచి నీరు తోడితే నేల మీటర్ల లెక్కన కుంగింది, 1961లో ప్రభుత్వమే ఆ పని ఆపించింది. అక్కడి పొరలు లోతు తక్కువవి, మన బావులు చాలా లోతైనవి. కాబట్టి అక్కడ జరిగిందే ఇక్కడా జరుగుతుందని మేం చెప్పం. కొలిచి చెప్పండి అని అడుగుతున్నాం. ఉపగ్రహ రాడార్‌తో మిల్లీమీటర్ల తేడా కూడా పట్టవచ్చు. మండలాల వారీగా నేల మట్టం ఏటా కొలిచి ఆ అంకెలు గ్రామ సచివాలయాల్లో తెలుగులో అంటించాలి. కొలత ఖర్చు ఇక్కడి నేల నుంచి గ్యాసు తీసేవాళ్లే పెట్టుకోవాలి, కొలిచే పని మాత్రం వారి చేతిలో ఉండకూడదు.

ఇందులో ఊరి బాధ్యతా ఉంది. లంక మట్టిని ఇటుక బట్టీలకు, ఏటి ఇసకను లారీలకు ఎత్తేస్తున్నది పరాయివాళ్లు కాదు. ఒండ్రు అందక నీరసించిన నది నుంచి ఉన్న ఇసక కూడా లాగేస్తే ఏటిగట్టు కోతకు గురవుతుంది, ఎదుటి లంక కొట్టుకుపోతుంది. ఏటిగట్టుకు దగ్గరలో తవ్వకం పూర్తిగా ఆగాలి. ఈ మాట గ్రామసభల్లో గట్టిగా చెప్పే ధైర్యం మనకు రావాలి.

పోలవరంలో పూర్తి మట్టానికి నీరు నిలపకముందే జలాశయ నిర్వహణ నిబంధనలు ఖరారు కావాలి. కొత్తపేట, పి.గన్నవరం, అమలాపురం, రాజోలు శాసనసభ్యులు పార్టీలు పక్కనపెట్టి వచ్చే సమావేశాల్లో ఒకే ప్రశ్న వేయాలి: డెల్టాకు ఏటా ఎంత ఒండ్రు వదులుతారు, ఏ నెలలో వదులుతారు, వదలకపోతే జవాబు చెప్పే అధికారి ఎవరు? పోలవరం ప్రాజెక్టు అథారిటీ నుంచి, కేంద్ర జల సంఘం నుంచి దీనికి రాతపూర్వకమైన జవాబు తెప్పించాలి.