అడగడం పైరవీ కాదు

సంచికకు ఏదైనా రాసిమ్మని తమ్ముళ్లు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ల పప్పు గురించి, ట్రంకుపెట్టెల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఇందులో ఎలాగూ ఉంటారు. అందుకని మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు విన్న ఒక మాట గురించి రాస్తున్నాను.

ఫైనలియర్ తమ్ముడొకడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీకి దరఖాస్తు పెట్టి నెలన్నర అయిందట. జవాబు లేదు. "ఆ డిపార్ట్‌మెంట్ మేనేజర్‌కే ఒక మెయిల్ రాయరాదా?" అన్నాను. "అది పైరవీ అవుతుంది కదన్నా. అర్హత ఉంటే వాళ్లే పిలుస్తారు" అన్నాడు. పక్కనున్న వాళ్లూ తలలూపారు.

ఆ మాటలో ఆత్మగౌరవం ఉంది, కాదనను. భయం కూడా ఉంది. వార్డెన్ సారు తలెత్తి చూసేదాకా తలుపు దగ్గర చప్పుడు చేయకుండా నిలబడడం మనకు చిన్నప్పటి అలవాటు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందని అడిగితే "వచ్చినప్పుడు చెప్తాం పో" అనిపించుకోని వాళ్లు మనలో ఎవరున్నారు? అలా అలవాటైన మౌనాన్నే మర్యాద అనుకుంటున్నాం.

నా సంగతే చెప్తాను. 2003లో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి కాబోతుండగా జీడిమెట్లలోని ఒక ఫ్యాక్టరీకి దరఖాస్తు పంపాను. చిరునామా హాస్టల్‌దే ఇచ్చాను. ఏప్రిల్‌లో హాస్టల్ మూసేశారు, ఇంటికెళ్లి కూలి పని చేసుకుంటూ ఎదురుచూశాను. జూన్‌లో సర్టిఫికెట్ల కోసం వస్తే వాచ్‌మన్ తాత ఒక కవరు చేతిలో పెట్టాడు. ఇంటర్వ్యూ మే నెలలోనే అయిపోయింది. ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేస్తే అక్కడి మెయింటెనెన్స్ ఇన్‌చార్జి మంచిగానే మాట్లాడాడు. "పోస్టు నిండిపోయింది బాబూ, అప్పుడే ఒక్కసారి ఫోన్ చేసుంటే బాగుండేది" అన్నాడు. ఆ ఫోన్ నంబరు మొదటి రోజు నుంచీ ప్రకటనలోనే ఉంది. ఆ తర్వాత ఏడాదిపాటు మోటార్ వైండింగ్ షాపులో పనిచేశాను.

ఇప్పుడు నేనే ఒక సెక్షన్‌కు మనుషుల్ని ఎంచుకునే చోట ఉన్నాను కనుక అటువైపు జరిగేది కూడా చెప్పగలను. మనిషి కావాలని సెక్షన్ ఇన్‌చార్జి రాసిస్తాడు. ప్రకటన ఇచ్చేది, దరఖాస్తులు వడగట్టేది హెచ్.ఆర్. వాళ్లు. మిగిలిన కొన్ని కాగితాలే ఇన్‌చార్జి బల్ల మీదికి వస్తాయి. మధ్యలో పై నుంచి డబ్బుకు అనుమతి రాక ఫైలు ఆగిపోవచ్చు, ఇన్‌చార్జి సెలవులో ఉండొచ్చు, లోపలి మనిషినే ఆ పోస్టులోకి తీసుకోవచ్చు. ఇవేవీ దరఖాస్తుదారుకు చెప్పరు. చెప్పాలి, కానీ చెప్పరు. జవాబు రాకపోతే మనవాళ్లు "నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి" అని తమనే తిట్టుకుంటారు.

ఇంకో సంగతి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టివెల్ అనే పరిశోధకులు ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలకు సమానమైన అర్హతలతో దరఖాస్తులు పంపి, పేర్లు మాత్రం మార్చి చూశారు. దళితుల పేర్లకు, ముస్లింల పేర్లకు పిలుపులు తక్కువగా వచ్చాయి. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఇది అచ్చయింది. కాగితం మీద పేరు తప్ప ఇంకేమీ కనబడనప్పుడు జరిగేది ఇదీ. ఒక మెయిల్‌తో ఇది మారిపోతుందని నేను అనను. మాట్లాడగానే "మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు, ఎవరి తాలూకు" అని ఆరా తీసేవాళ్లూ తగులుతారు. అయినా మనం చేసిన పని గురించి, ఆ పని తెలిసిన మనిషికి, మన నోటితో చెప్పుకునే అవకాశం ఎందుకు వదులుకోవాలి? మామయ్యలు, బాబాయిలు కంపెనీల్లో ఉన్నవాళ్లకు ఆ మాట భోజనాల దగ్గరే అందుతుంది. పైరవీ చేసేవాడు పనితనం చూడొద్దంటాడు. మనం చూడమని అడుగుతున్నాం.

రాసే తీరు ఉంది. దరఖాస్తు పెట్టిన పది రోజులకో, గడువు తేదీ దాటాకో రాయండి. పోస్టు పేరు, దరఖాస్తు నంబరు, మీరు చేసిన పని ఒకటి, ఎంపిక ఏ దశలో ఉందన్న ప్రశ్న, అంతే. ఆఫీసు మెయిల్‌కే రాయండి. ఎవరి సొంత నంబరో సంపాదించి ఆదివారం వాట్సాప్ చేస్తే నేనైనా విసుక్కుంటాను. రెండు వారాలు చూసి ఇంకొక్కసారి గుర్తు చేయండి, తర్వాత ఆపేయండి. సంప్రదించవద్దని ప్రకటనలోనే ఉంటే అసలే వద్దు. ఇంటి కష్టాలు రాయకండి. నాకొచ్చే మెయిల్స్‌లో మన పిల్లలవి చాలావరకు "మేము చాలా పేదవాళ్లం సార్" అనే మొదలవుతాయి. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది, కానీ ఆ అబ్బాయికి ప్యానెల్ వైరింగ్ వచ్చో రాదో చివరిదాకా తెలియదు. ఇక డబ్బు అడిగినవాడు మేనేజరైనా, కన్సల్టెన్సీ అయినా అక్కడితో వదిలేయండి.

సర్కారు కొలువుల దారి వేరు. సిఫారసుకు ప్రయత్నిస్తే అనర్హులవుతారని చాలా నోటిఫికేషన్లలోనే ఉంటుంది, కాబట్టి అధికారులను విడిగా కలవొద్దు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఎంపిక ఎక్కడ ఆగిందో తెలియాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వాళ్లకు ఆ రుసుము కూడా లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ తమ్ముడు చివరికి రాశాడు. నాలుగు వాక్యాలకు రెండు గంటలు పట్టిందట. మూడో రోజు జవాబొచ్చింది: ఆ పోస్టు భర్తీ ఈ ఏడాదికి ఆపేశారని, రెజ్యూమె తన దగ్గర ఉంచుకుంటానని ఆ మేనేజర్ రాశాడు. మావాడు ఆ సాయంత్రమే ఇంకో రెండు కంపెనీలకు దరఖాస్తు పెట్టాడు. ఈసారి చిరునామా ఇంటిది ఇచ్చాడో లేదో అడగడం మర్చిపోయాను.